ఇంట్లో ట్రాన్సిస్టర్ సర్క్యూట్లు: గోదావరి జిల్లాల వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున్న మా అరుగు మీద అయిదారుగురు బడిపిల్లలు, అప్పుడప్పుడూ ఒకరిద్దరు రొయ్యల రైతులు చేరి చిన్న చిన్న సర్క్యూట్లు కట్టుకుంటూ ఉంటాం. పిల్లలు మారుతుంటారు, సందేహాలు మాత్రం అవే. కాళ్లు తారుమారవడం, సోల్డర్ అంటుకోకపోవడం, వానాకాలం రాగానే అలారం తనంతట తను మోగడం. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీ పని ఏ దశలో ఉందో చూసుకుని నేరుగా ఆ ప్రశ్న దగ్గరకే వెళ్లొచ్చు, ఏ జవాబుకి ఆ జవాబు పూర్తిగా ఉంటుంది. ఇక్కడ కట్టమన్నవన్నీ 6 వోల్టులతోనో, అంతకన్నా తక్కువతోనో నడిచేవే.

## కొనేముందు

ట్రాన్సిస్టర్ అంటే మా తాతగారి రేడియో కదండీ, మీరు చూపించేదేంటి మూడు కాళ్ల పురుగులా ఉంది?

అసలు పేరు ఈ మూడు కాళ్ల వస్తువుదే. 1947 డిసెంబర్‌లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెయిన్ దీన్ని మొదటిసారి పనిచేయించారు. విలియం షాక్లీతో కలిపి ముగ్గురికీ 1956లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. అంతకుముందు రేడియోల్లో గాజు వాల్వులుండేవి. అవి వేడెక్కితే గానీ పాట వచ్చేది కాదు, కరెంటూ బాగా తాగేవి. వాల్వు స్థానంలోకి ఇది వచ్చాక బ్యాటరీతో నడిచే చిన్న రేడియో చేతికొచ్చింది, జనం ఆ రేడియోనే ట్రాన్సిస్టర్ అన్నారు.

ఎలా పనిచేస్తుందో తెలియాలంటే పంటకాలువ తూము తలుచుకోండి. మర తిప్పడానికి చేతికి పట్టే బలం కొంచెమే, దానివల్ల కదిలే నీళ్లు బోలెడు. బేస్ ఆ మర, కలెక్టర్ కాలువ వైపు, ఎమిటర్ చేను వైపు. బేస్‌లోకి ఒక పాలు కరెంటు పంపితే మామూలు బీసీ 547లో కలెక్టర్ నుంచి ఎమిటర్‌కి 200 పాళ్ల దాకా పారుతుంది. తూమును పూర్తిగా మూసి, పూర్తిగా తెరిచి వాడుకుంటే స్విచ్. సగం తెరిచి ఉంచి అటూ ఇటూ కదిపితే ఆంప్లిఫయర్.

మొదట ఏమేం కొనాలి?

ట్రాన్సిస్టర్లు: బీసీ 547 పది, బీసీ 557 అయిదు, బీసీ 337 అయిదు. రెసిస్టర్లు పావు వాటువి: 470 ఓమ్‌లు, 1 కిలో, 2.2 కిలో, 10 కిలో, 47 కిలో, 100 కిలో, ఒక్కోటి పదేసి (కిలో అంటే వెయ్యి ఓమ్‌లు). కెపాసిటర్లలో 0.1, 10, 100 మైక్రోఫారడ్‌లవి తలో నాలుగు. ఎర్ర ఎల్‌ఈడీలు, తెల్ల ఎల్‌ఈడీలు, రెండు ఎల్‌డీఆర్‌లు (వెలుతురుని బట్టి రెసిస్టెన్స్ మారేవి), 5 వోల్టుల బజర్ ఒకటి, బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా కాళ్లు గుచ్చి సర్క్యూట్ కట్టుకునే బోర్డు), పెన్సిల్ బ్యాటరీల హోల్డర్లు మూడింటిది ఒకటి, నాలుగింటిది ఒకటి.

బీసీ 547 ఒక్కోటి టీ ఖరీదు కన్నా తక్కువే, అందుకే పది కొనమంటున్నాను. కాళ్లు రెండు మూడుసార్లు వంచితే విరిగిపోతాయి, ఒక్కటే ఉంటే పని అక్కడే ఆగిపోతుంది. మిగిలిన డబ్బు డిజిటల్ మల్టీమీటర్ మీద పెట్టండి. మీటర్ లేకుండా సర్క్యూట్ కట్టడం కళ్లకు గంతలు కట్టుకుని కాలువ దాటడమే.

మా ఊళ్లో రేడియో షాపు మూసేసి చాలా ఏళ్లయింది. ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి?

రాజమండ్రి, కాకినాడ, భీమవరం లాంటి చోట్ల టీవీలు, మిక్సీలు బాగుచేసే మెకానిక్‌లకు సరుకు ఇచ్చే షాపులుంటాయి. మీ ఊరి మెకానిక్‌ని అడిగితే తను ఎక్కడ కొంటాడో చెబుతాడు. హైదరాబాద్ వెళ్లే పని పడితే కోఠిలో గుజరాతీ గల్లీ, చెన్నై అయితే రిచీ స్ట్రీట్. ఆన్‌లైన్‌లోనూ వస్తాయి గానీ రెండు రూపాయల వస్తువుకి కొరియర్ ఛార్జీ వాచిపోతుంది కాబట్టి నలుగురూ కలిసి తెప్పించుకోండి.

పాత ఎఫ్‌ఎం రేడియో, పాడైన బొమ్మల బోర్డుల్లోంచి కూడా తీసుకోవచ్చు. కానీ టీవీ బోర్డు, ఛార్జర్ బోర్డు, సీఎఫ్‌ఎల్ బోర్డు జోలికి పిల్లల్ని వెళ్లనివ్వకండి. వాటిలోని పెద్ద కెపాసిటర్ ప్లగ్గు పీకేశాక కూడా 300 వోల్టుల చార్జి పట్టుకుని ఉండగలదు.

పాత సర్క్యూట్ కాగితంలో ఎస్‌ఎల్ 100, బీసీ 148 అని ఉంది. అవి లేవంటున్నారు, బదులు ఏం పెట్టాలి?

బీసీ 107, బీసీ 148 అని ఉంటే బీసీ 547 పెట్టండి. బీసీ 158 అని ఉంటే బీసీ 557. ఎస్‌ఎల్ 100 బదులు, లోడ్ (ట్రాన్సిస్టర్ నడిపే బజర్, బల్బు లాంటిది) చిన్నదైతే బీసీ 337, పెద్దదైతే బీడీ 139. కాళ్ల వరస మాత్రం మారుతుంది, పాత బొమ్మ చూసి అలాగే గుచ్చేయకండి. ఎస్‌ఎల్ 100 లోహపు టోపీ అంచున చిన్న నాలుకలాంటిది ఉంటుంది, దాని పక్క కాలు ఎమిటర్.

ఏసీ 127, ఏసీ 128 అని ఉంటే అవి జెర్మేనియం రకం. వాటి బేస్ 0.2, 0.3 వోల్టులకే తెరుచుకుంటుంది, ఇప్పటి సిలికాన్ రకానికి 0.6 పైన కావాలి. కాగితంలో ఉన్న రెసిస్టర్లు అలాగే ఉంచి ట్రాన్సిస్టర్ ఒక్కటే మారిస్తే పనిచేయదు.

బీసీ 547 కాళ్లలో ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

చదును వైపు మీకేసి, కాళ్లు కిందికి పెట్టి పట్టుకోండి. ఎడమ కలెక్టర్, మధ్య బేస్, కుడి ఎమిటర్. బీసీ 557, బీసీ 337 కూడా ఇదే వరస. ఇక్కడితో ధీమా పడిపోకండి, అచ్చం ఇలాగే కనిపించే 2ఎన్ 3904లో ఎడమ ఎమిటర్, కుడి కలెక్టర్. బీడీ 139లో అయితే అక్షరాలున్న వైపు నుంచి చూస్తే మధ్య కాలు కలెక్టర్.

అందుకే మీటర్‌ని అడగాలి. డయోడ్ గుర్తు మీద పెట్టి ఎర్ర ముల్లు ఒక కాలికి ఆనించి, నల్లది మిగతా రెండింటికీ తాకించి చూడండి. రెండుచోట్లా 0.6, 0.7 మధ్య అంకె వస్తే ఎర్రది ఆనించిన కాలు బేస్, అది ఎన్‌పీఎన్ (బేస్‌కి ప్లస్ ఇస్తే తెరుచుకునే రకం). నల్లది ఒకచోట ఉంచి ఎర్రది తిప్పితే అలా వచ్చిందా, అది పీఎన్‌పీ (బేస్‌ని మైనస్ వైపు లాగితే తెరుచుకునే రకం). ఆ రెండు అంకెలూ సరిగ్గా ఒకటి కావు. మొన్న ఒక పిల్లాడి చేతిలోని బీసీ 547కి ఒకపక్క 0.668, ఇంకోపక్క 0.674 వచ్చాయి. ఎక్కువ చూపించింది ఎమిటర్. అంత చిన్న తేడా పట్టుకోవాలంటే ట్రాన్సిస్టర్‌ని వేళ్లతో పట్టుకోకూడదు, ఒంటి వేడికే అంకె దిగిపోతుంది. బల్ల మీద పెట్టి చూడండి.

## బ్రెడ్‌బోర్డు మీద

మొట్టమొదట ఏది కట్టమంటారు?

వేలు తాకిస్తే వెలిగే దీపం. నాలుగు పెన్సిల్ బ్యాటరీలు, బీసీ 547 ఒకటి. ప్లస్ నుంచి 470 ఓమ్‌ల రెసిస్టర్, దాని తర్వాత ఎర్ర ఎల్‌ఈడీ పొడుగు కాలు, పొట్టి కాలు కలెక్టర్‌కి. ఎమిటర్ మైనస్‌కి. బేస్ నుంచి 10 కిలో రెసిస్టర్ పెట్టి దాని చివర ఒక వైరు వదిలేయండి. ప్లస్ దగ్గర ఇంకో వైరు. ఈ రెండు వైర్ల కొసల్నీ ఒకే వేలితో నొక్కండి.

వేలి గుండా వెళ్లేది లక్షల్లో ఒక వంతు ఆంపియర్ల కరెంటు, దాంతో ఎల్‌ఈడీ సొంతంగా వెలగదు. ట్రాన్సిస్టర్ దాన్ని వందల రెట్లు చేసి వెలిగిస్తోంది. పొడి వేలికి మిణుకుమంటుంది, చెమట వేలికి బాగా వెలుగుతుంది. మే నెలలో మా అరుగు మీద దీన్ని వేరే చెప్పి నేర్పక్కర్లేదు. పిల్లలు ఇది చూసి వేలు తుడుచుకుని ఒకసారి, తడిపి ఒకసారి పెట్టి చూస్తారు, నాకు అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అదే.

రెండు ఎల్‌ఈడీలు ఒకటి తర్వాత ఒకటి మెరిసేది కట్టాలి. వివరంగా చెప్పండి.

రెండు బీసీ 547లు పక్కపక్కన గుచ్చండి, ఎమిటర్లు రెండూ మైనస్‌కి. ప్లస్ నుంచి ఒక్కో కలెక్టర్‌కి 470 ఓమ్‌లు, దానితో వరసగా ఒక ఎల్‌ఈడీ. ప్లస్ నుంచి ఒక్కో బేస్‌కి 47 కిలో. ఇప్పుడు 10 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు అడ్డంగా: మొదటిదాని ప్లస్ కాలు మొదటి కలెక్టర్‌కి, మైనస్ కాలు రెండో బేస్‌కి. రెండోదాని ప్లస్ కాలు రెండో కలెక్టర్‌కి, మైనస్ కాలు మొదటి బేస్‌కి. బ్యాటరీ పెట్టగానే ఒకటి వెలిగితే ఒకటి ఆరుతుంది.

లోపల జరిగేది ఇది. మొదటి ట్రాన్సిస్టర్ తెరుచుకోగానే దాని కలెక్టర్ వోల్టేజీ కిందికి పడుతుంది, ఆ దెబ్బకి కెపాసిటర్ రెండోదాని బేస్‌ని మైనస్ కన్నా కిందికి లాగి మూసేస్తుంది. అప్పట్నుంచి 47 కిలో రెసిస్టర్ ఆ కెపాసిటర్‌ని మెల్లగా నింపుతూ, బేస్ 0.6 దాటగానే రెండోదాన్ని తెరుస్తుంది. వెంటనే మొదటిది మూతపడుతుంది. ఒక్కో వైపు పట్టే సమయం 0.69 × రెసిస్టర్ × కెపాసిటర్. 47,000 ఓమ్‌లు, 10 మైక్రోఫారడ్‌లకి సుమారు 0.32 సెకను. కెపాసిటర్లు 100 మైక్రోఫారడ్‌లవి పెడితే 3 సెకన్ల పైమాట. ఒక వైపు 10, ఇంకో వైపు 100 పెట్టి చూడండి, ఒకటి సాగుతూ ఒకటి తొందరపడుతూ వెలుగుతాయి.

దీనికి 9 వోల్టుల బ్యాటరీ వద్దంటాను. బేస్‌ని మైనస్ కన్నా కిందికి లాగే ఆ దెబ్బ దాదాపు బ్యాటరీ వోల్టేజీ అంత ఉంటుంది, బీసీ 547 బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య ఎదురు దిశలో తట్టుకోగలిగేది 6 వోల్టులే. 9తో పనిచేసినట్టే కనిపిస్తుంది గానీ ట్రాన్సిస్టర్ బలం రోజురోజుకీ తగ్గిపోతుంది.

ఎల్‌ఈడీకి రెసిస్టర్ తప్పనిసరా? మా అన్నయ్య లేకుండానే వెలిగించాడు.

తప్పనిసరి. లేకపోతే కరెంటుకి హద్దుండదు, కాసేపు వెలిగి పోతుంది. ఎర్రది సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది, తెలుపు, నీలం 3 వోల్టులు. బ్యాటరీ 6 వోల్టులైతే మిగిలిన 4ని 10 మిల్లీ ఆంపియర్లతో భాగించండి, 400 వస్తుంది, 470 పెట్టండి.

రెసిస్టర్ రంగులు రాత్రిపూట ఒకదానికొకటి కలిసిపోతున్నాయి.

గోధుమ నలుపు ఎరుపు 1 కిలో, గోధుమ నలుపు నారింజ 10 కిలో, పసుపు ఊదా నారింజ 47 కిలో. పసుపు బల్బు కింద ఎరుపు, నారింజ, గోధుమ మూడూ ఒకేలా ఉంటాయి. గుచ్చేముందు మీటర్‌తో కొలవండి.

బేస్‌కి ఎంత రెసిస్టర్ పెట్టాలో లెక్క ఎలా?

ముందు లోడ్ ఎంత కరెంటు తీసుకుంటుందో చూడండి. చిన్న బజర్ 30 మిల్లీ ఆంపియర్లు అనుకుందాం. స్విచ్‌గా వాడేటప్పుడు 200 రెట్లు వస్తాయన్న నమ్మకం పెట్టుకోకూడదు, 20 రెట్లే అనుకుని బేస్‌కి 1.5 మిల్లీ ఆంపియర్లు ఇవ్వాలి. 5 వోల్టుల నుంచి బేస్ 0.7 తీసేస్తే 4.3. దాన్ని 1.5 మిల్లీతో భాగిస్తే 2,870 ఓమ్‌లు, దగ్గర్లో దొరికేది 2.7 కిలో. బేస్‌కి ఇలా దండిగా ఇస్తేనే ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకుంటుంది, చల్లగా ఉంటుంది. పిసినారితనం చేస్తే సగం తెరుచుకుని వేడెక్కుతుంది.

## ఇంటికీ చెరువుకీ పనికొచ్చేవి

రాత్రి కరెంటు పోతే చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయి రొయ్యలు పోతున్నాయండి. పాకలో పడుకున్న మనిషిని లేపే అలారం చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, ఒకే ఒక్క ట్రాన్సిస్టర్‌తో. నేను మనసుపెట్టి నేర్పే సర్క్యూట్ ఇదే. నిండు చెరువులో రాత్రిపూట నీటిలో కరిగిన ఆక్సిజన్ తగ్గుతూ వస్తుంది, తెల్లవారుజామున అట్టడుక్కి చేరుతుంది. ఆ వేళ ఏరియేటర్లు ఆగితే జనరేటర్ ఎంత త్వరగా వేశారన్న దాని మీదే పంట ఆధారపడి ఉంటుంది.

కావలసినవి: మంచి 5 వోల్టుల సెల్లు ఛార్జర్, బీసీ 557, 2.2 కిలో, 1 కిలో రెసిస్టర్లు, 5 వోల్టుల బజర్, పెన్సిల్ బ్యాటరీలు మూడు. బ్యాటరీ ప్లస్ ఎమిటర్‌కి. కలెక్టర్ నుంచి బజర్ ప్లస్‌కి, బజర్ మైనస్ బ్యాటరీ మైనస్‌కి. ఛార్జర్ మైనస్‌ని కూడా బ్యాటరీ మైనస్‌తో కలపండి. ఛార్జర్ ప్లస్ నుంచి 2.2 కిలో ద్వారా బేస్‌కి. ఛార్జర్ ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య 1 కిలో.

కరెంటు ఉన్నంతసేపు బేస్ 5 వోల్టుల దగ్గర, ఎమిటర్ 4.5 దగ్గర ఉంటాయి. పీఎన్‌పీ రకమైన బీసీ 557 తెరుచుకోవాలంటే బేస్ ఎమిటర్ కన్నా 0.6 కిందికి రావాలి, ఇక్కడ పైనే ఉంది కాబట్టి మూసుకునే ఉంటుంది. అప్పుడు బ్యాటరీ ఖర్చు లేనట్టే. కరెంటు పోతే ఛార్జర్‌లో మిగిలింది 1 కిలో గుండా దిగిపోతుంది, బేస్ కిందికి లాగబడుతుంది, బజర్ మోగుతుంది. ఒకటి రెండు సెకన్లు ఆలస్యం కావచ్చు.

బ్యాటరీలు మూడే పెట్టండి. నాలుగు పెడితే ఎమిటర్ 6 వోల్టులకి చేరి, ఛార్జర్ 5 ఇస్తున్నా బేస్ ఒక వోల్టు కింద ఉండిపోతుంది, కరెంటు ఉన్నా మోగుతూనే ఉంటుంది. ఒక రైతు ఇలాగే ‘గట్టిగా మోగాలి’ అని నాలుగోది చేర్చి, ట్రాన్సిస్టర్ పాడైందని నా దగ్గరకు తెచ్చారు.

ఇంకో ముఖ్యమైన మాట. ఏరియేటర్ మోటార్లు మూడు ఫేజులవి. ఈ అలారం మీరు ఛార్జర్ గుచ్చిన ఫేజు పోతేనే మోగుతుంది, మిగతా రెండింటిలో ఒకటి పోతే దానికి తెలియదు. అందుకని ఎలక్ట్రీషియన్ చేత మూడు ఫేజులకీ మూడు సాకెట్లు పెట్టించి, మూడు ఛార్జర్లు, మూడు అలారాలు పెట్టుకోండి. నెలకోసారి ప్లగ్గు పీకి మోగుతున్నాయో లేదో చూసుకోండి.

ట్యాంకు నిండితే మోగే అలారం కట్టాను. మా ఇంట్లో బాగా మోగుతోంది, అదే మా అత్తగారింట్లో గుసగుసలాడుతోంది. ఎందుకని?

నీళ్ల తేడా. నీటిలో ఉప్పు ఎంత ఉంటే కరెంటు అంత బాగా పారుతుంది. అంతర్వేది, సఖినేటిపల్లి వైపు సముద్రానికి దగ్గరగా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఒక్క ట్రాన్సిస్టర్ చాలు. కాలువ నీళ్లు, వాన నీళ్లు తక్కువ పారనిస్తాయి, బేస్‌కి అందేది చాలదు.

అలాంటిచోట రెండు బీసీ 547లు జత కట్టాలి. రెండింటి కలెక్టర్లూ కలిపి బజర్ మైనస్‌కి, బజర్ ప్లస్ బ్యాటరీ ప్లస్‌కి. మొదటిదాని ఎమిటర్ రెండోదాని బేస్‌కి, రెండోదాని ఎమిటర్ బ్యాటరీ మైనస్‌కి. మొదటి బేస్ నుంచి 10 కిలో ద్వారా ఒక వైరు ట్యాంకు పైఅంచు దగ్గరకి, బ్యాటరీ ప్లస్ నుంచి 1 కిలో ద్వారా ఇంకో వైరు దాని పక్కకి.

జత కట్టాక అది ఎంత సున్నితమవుతుందంటే, మూత లోపల పట్టిన ఆవిరి చాలు మోగడానికి. మొదటి బేస్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య 100 కిలో రెసిస్టర్ పెడితే ఆ కొద్దిపాటి కరెంటు అటు దిగిపోతుంది. మేడ మీద నుంచి వంటింటి దాకా వైరు లాగితే ఇంటి వైరింగ్ గోల కూడా ఎక్కుతుంది, ఆ 100 కిలోకి పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. నీళ్లలో తగిలే కొసలకి రాగి తీగ వద్దు, ప్లస్ వైపు కొస కొన్నాళ్లకి కరిగిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వాడండి.

చీకటి పడగానే వాకిట్లో చిన్న దీపం దానంతటదే వెలగాలి.

6 వోల్టుల ప్లస్ నుంచి 47 కిలో బీసీ 547 బేస్‌కి, బేస్ నుంచి మైనస్‌కి ఎల్‌డీఆర్, కలెక్టర్ వైపు 470 ఓమ్‌లు, ఎల్‌ఈడీ. పగలు ఎల్‌డీఆర్ రెసిస్టెన్స్ బాగా తగ్గి బేస్‌ని కిందే ఉంచుతుంది, చీకట్లో పెరిగి వదిలేస్తుంది. సొంత దీపం వెలుతురు ఎల్‌డీఆర్ మీద పడకుండా చూసుకోండి, లేదంటే మిణుకుతూ ఉంటుంది.

ఒక్క ట్రాన్సిస్టర్‌తో రేడియో వినిపిస్తుందా?

మీడియం వేవ్ వినిపిస్తుంది, సన్నగా. పాత రేడియోలోని ఫెర్రైట్ కడ్డీ చుట్టూ ఉన్న కాయిల్, గ్యాంగ్ కండెన్సర్ (తిప్పితే విలువ మారే కెపాసిటర్) కలిసి స్టేషన్ ఎంచుతాయి, జెర్మేనియం డయోడ్ మాటని విడదీస్తుంది, బీసీ 547 దాన్ని పెంచుతుంది. ఫోను ఇయర్‌ఫోన్ నేరుగా పెడితే వినిపించదు, క్రిస్టల్ ఇయర్‌ఫోన్ కావాలి. రెండు కొబ్బరిచెట్ల మధ్య పొడుగు తీగ ఏరియల్ కడితే తేడా వెంటనే తెలుస్తుంది. కరెంటు తీగల దగ్గర్లో కట్టకండి, ఉరుములు మొదలైతే దాన్ని రేడియో నుంచి తీసేయండి. పొద్దుగూకాక దూరపు స్టేషన్లు కూడా తగులుతాయి, పగలు ఆ తరంగాల్ని మింగేసే వాతావరణ పొర సూర్యుడు దిగాక పలచబడిపోతుంది మరి.

ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ చేయడం నేర్పండి.

నేర్పను. లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం మన దేశంలో చట్టవిరుద్ధం.

## సోల్డరింగ్ దగ్గర

ఎన్ని వాట్ల ఐరన్ కొనాలి? పిల్లల చేతికి ఇవ్వొచ్చా?

25 వాట్లు. 60 వాట్లది పెద్ద వైర్లకి, బోర్డు మీద పెడితే రాగి పట్టీలు లేచిపోతాయి. ముందు కాలినీ పట్టీనీ కలిపి వేడిచేసి, అప్పుడు సోల్డర్ ఆనించండి. ట్రాన్సిస్టర్ కాలి దగ్గర మూడు సెకన్లు మించకూడదు. మంచి అతుకు మెరుస్తూ గుడి గోపురంలా పైకి సన్నబడుతుంది, చెడ్డది మసకగా గుండ్రంగా ఉంటుంది.

పన్నెండేళ్లు దాటిన పిల్లలకి పక్కన కూర్చుని ఇస్తాను. మామూలు సోల్డర్‌లో దాదాపు 40 శాతం సీసం ఉంటుంది, లేచి చేతులు కడుక్కోకుండా జంతికలు ముట్టుకోనివ్వను. కిటికీ తెరిచి ఉంచండి.

సోల్డర్ అంటుకోకుండా ముత్యంలా దొర్లిపోతోంది. ఐరన్ పాడైందా?

ఐరన్‌ది కాదు తప్పు, మన గాలిది. సముద్రపు తేమకి ఆరు నెలలు డబ్బా మూత తీసి ఉంచిన రెసిస్టర్ కాళ్లు తీసి చూడండి, వెండిరంగు పోయి బూడిదరంగు పొర ఉంటుంది. ఆ పొర మీద సోల్డర్ తామరాకు మీద నీటిబొట్టే.

పాత బ్లేడుతో కాలిని తిప్పుతూ మెల్లగా గీకండి, పొడి రాలి కింద మెరుపు కనిపించేదాకా. వెంటనే కొంచెం రోజిన్ ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటుకోవడానికి రాసేది) రాసి, ఐరన్ కొసతో సోల్డర్ పూత పూయండి. పూత సమంగా పాకితే ఇక బోర్డులో అతికించొచ్చు. గీకిన కాళ్లు రేపటికి ఉంచకండి. పైపులకీ రేకులకీ వాడే యాసిడ్ పేస్టు మాత్రం వద్దు, ఆ రోజు బాగా అంటుకుంటుంది, మన చెమ్మకి నెల తిరిగేసరికి రాగిని పచ్చగా తినేస్తుంది.

## పనిచేయనప్పుడు

ఏమీ వెలగట్లేదు. ట్రాన్సిస్టర్ పోయినట్టేనా?

పదింట తొమ్మిదిసార్లు ట్రాన్సిస్టర్ బాగానే ఉంటుంది. మార్చేముందు కొలవండి. మీటర్‌ని 20 వోల్టుల డీసీ మీద పెట్టి, నల్ల ముల్లు ఎమిటర్‌కి ఆనించి ఉంచండి, ఎన్‌పీఎన్ అయితే. బ్యాటరీ పెట్టి, వెలగాల్సిన స్థితిలో ఎర్రది బేస్‌కి, తర్వాత కలెక్టర్‌కి.

బేస్ 0.65 దగ్గర, కలెక్టర్ 0.1 దగ్గర ఉంటే ట్రాన్సిస్టర్ తన పని చేస్తోంది. ఎల్‌ఈడీ తిరగబడిందో, పోయిందో చూడండి. బేస్ 0.65 ఉండి కలెక్టర్ నిండా 6 చూపిస్తే కలెక్టర్, ఎమిటర్ తారుమారై ఉంటాయి, లేదా బేస్‌కి కరెంటు చాలట్లేదు. కలెక్టర్ ముందు నుంచే సున్నా అయితే పైనుంచి ప్లస్ రావట్లేదు. బేస్ సున్నా ఉంటే బేస్ రెసిస్టర్ వైపు ఎక్కడో తెగింది. బేస్ ఒక వోల్టు పైన చూపిస్తే ఎమిటర్ మైనస్‌కి తగులుతోందో లేదో ముందు చూడండి, తగులుతుంటే ఇక ట్రాన్సిస్టర్ నిజంగానే పోయింది.

మొదట్లో ఒక సాయంత్రం నేను వరసగా నాలుగు బీసీ 547లు మార్చాను. తీరా చూస్తే బ్రెడ్‌బోర్డు అంచున ఉండే ప్లస్ వరస మధ్యలో విరామం ఉంది, అటు సగానికి కరెంటే రావట్లేదు. చాలా బోర్డులు అలాగే వస్తాయి. ఎర్ర గీత మధ్యలో తెగి ఉంటే ఒక చిన్న వైరుతో కలపండి.

ట్రాన్సిస్టర్ ముట్టుకుంటే చుర్రుమంటోంది.

బీసీ 547కి 100 మిల్లీ ఆంపియర్లే పరిమితి. మోటారు, పెద్ద బల్బు పెడితే తట్టుకోదు, బీసీ 337 గానీ బీడీ 139 గానీ వాడండి. బేస్‌కి రెసిస్టర్ లేకుండా నేరుగా ప్లస్ ఇచ్చినా క్షణంలో పోతుంది. రిలే ఉంటే దాని కాయిల్‌కి అడ్డంగా 1ఎన్ 4007 డయోడ్, గీత ఉన్న కొస ప్లస్ వైపు పెట్టండి. కాయిల్ ఆఫ్ అయ్యే క్షణంలో ఎదురుదెబ్బలా పుట్టే వోల్టేజీ ఆ డయోడ్ లేకపోతే ట్రాన్సిస్టర్ మీద పడుతుంది.

వేసవంతా బాగున్న అలారం శ్రావణం రాగానే ఊరికే మోగుతోంది.

బోర్డు మీద మిగిలిపోయిన ఫ్లక్స్, ఉప్పు దుమ్ము కలిసి తేమ పీల్చి సన్నటి దారి వేశాయి. ఆ దారిలో బేస్‌కి అందే కరెంటు చాలు. పాత టూత్‌బ్రష్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు వెనకవైపు తోమి ఎండలో ఆరబెట్టండి. బాగా ఆరాక అతుకుల మీద రంగులేని గోళ్ల రంగు ఒక పూత వేయండి. బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య 100 కిలో లేకపోతే చేర్చండి.

## డబ్బాలో పెట్టాక

ఎలాంటి డబ్బా మంచిది?

గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా. వైర్లకి కన్నం అడుగున పెట్టండి, పక్కనో పైనో వద్దు. వైరు లోపలికి వెళ్లేముందు కాస్త కిందికి వేలాడి పైకి రావాలి, అప్పుడు వాన చినుకు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. మందుల సీసాల్లో, బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి లోపల పడేయండి. వాడని రోజుల్లో బ్యాటరీలు తీసేయండి, కారితే స్ప్రింగు తుప్పుపట్టిపోతుంది.

బ్యాటరీల ఖర్చెందుకు, ఇంట్లో 230 వోల్టులే రెసిస్టర్, కెపాసిటర్‌తో తగ్గించి వాడుకోవచ్చని వీడియోలో చూశాను.

వద్దు. అలా చేసిన సర్క్యూట్‌లో వోల్టేజీ తగ్గినట్టు కనిపించినా ప్రతి తీగా కరెంటు లైనుకి నేరుగా అంటుకునే ఉంటుంది. మన ఇళ్లలో నేల తడిగా ఉంటుంది, చెప్పులు వాకిట్లో విడుస్తాం. ముట్టుకున్నవాళ్ల ప్రాణం పోతుంది. బీఐఎస్ గుర్తున్న 5 వోల్టుల సెల్లు ఛార్జర్ వాడండి.

వరదలొస్తే లంకల్లో రోజుల తరబడి కరెంటు ఉండదు. గోడ గడియారంలోంచి తీసేసిన బ్యాటరీతో దీపం వెలుగుతుందా?

వెలుగుతుంది. 2022 జులై వరదల తర్వాత ఎక్కువగా అడిగిన ప్రశ్న ఇది. గడియారం ఆగిపోయిన పెన్సిల్ బ్యాటరీలో ఇంకా ఒక వోల్టు దాకా ఉంటుంది, తెల్ల ఎల్‌ఈడీకి 3 కావాలి. ఆ తేడాని కాయిల్ పూడుస్తుంది.

చిటికెనవేలికి పట్టేంత ఫెర్రైట్ రింగు ఒకటి, రెండు రంగుల సన్నటి వైర్లు తీసుకోండి. రెండింటినీ జంటగా పట్టుకుని రింగు చుట్టూ 20 చుట్లు. ఒక రంగు మొదలు కొసని రెండో రంగు చివరి కొసతో కలిపి బ్యాటరీ ప్లస్‌కి. మిగిలిన రెండు కొసల్లో ఒకటి బీసీ 547 కలెక్టర్‌కి, ఇంకోటి 1 కిలో ద్వారా బేస్‌కి. ఎమిటర్ మైనస్‌కి. ఎల్‌ఈడీ పొడుగు కాలు కలెక్టర్‌కి, పొట్టి కాలు ఎమిటర్‌కి. ట్రాన్సిస్టర్ సెకనుకి వేలసార్లు తెరిచి మూస్తుంటే, మూసిన ప్రతిసారీ కాయిల్ వోల్టేజీ ఎగదన్ని ఎల్‌ఈడీని వెలిగిస్తుంది. వెలగకపోతే బేస్ వైపు చుట్టు కొసలు రెండూ తారుమారు చేయండి, ఎక్కువగా అక్కడే పొరపాటు జరుగుతుంది.

వెలుతురు చదువుకునేంత ఉండదు, అన్నం కంచం, మెట్టు, మందుబిళ్ల కనిపించేంత ఉంటుంది. పాత బ్యాటరీలు పారేయకుండా ఒక డబ్బాలో వేసి పెట్టుకోండి, ఒకటి అయిపోతే ఇంకోటి పెట్టుకోవచ్చు.